చరమ కైంకర్యము

శ్రీవైష్ణవ గృహములలో మరణమును ఆ పేరుతో పిలుచుట అరుదు. "పరమపదించిరి" అందురు, "ఆచార్యుల తిరువడి చేరిరి" అందురు. ఆ పిమ్మట జరుగు క్రియాకలాపమునకు పూర్వులు పెట్టిన పేరు చరమ కైంకర్యము. ఇది మర్యాదకొరకు వాడు మాట మాత్రమే అని తలంపరాదు. కైంకర్యమనగా సేవ. ఉదయమున సాలగ్రామమునకు తిరుమంజనము చేయుట ఎట్లు కైంకర్యమో, భాగవతుడు విడిచిన తిరుమేనిని కడిగి, పన్నెండు ఊర్ధ్వపుండ్రములు దిద్ది, అగ్నికి అప్పగించుటయు అట్లే కైంకర్యము. మొదటిది నిత్యము జరుగును. రెండవది ఒక్కరికి ఒక్కసారి మాత్రమే లభించును.

ఈ పేరులో ఒక సిద్ధాంతము ఇమిడి ఉన్నది. ప్రపన్నుని మోక్షము శరణాగతి చేసిననాడే నిశ్చయమైనది. కుమారుడు చేసిన కర్మలో ఒక మంత్రము జారిపోయినంత మాత్రమున అది జారిపోదు. దానములు తక్కువైనందున తగ్గిపోదు. వరాహమూర్తి భూదేవికి చెప్పినదిగా సంప్రదాయము నిత్యము అనుసంధించు చరమశ్లోకమున ఈ అభయమే కలదు. మనస్సు స్వస్థముగా, దేహము దృఢముగా ఉన్న కాలమున తన్ను స్మరించినవాడు, కడపట కట్టెవలె, రాతివలె పడియున్నపుడు, వానిని తానే స్మరించి పరమగతికి చేర్చుదునని స్వామి ప్రతిజ్ఞ. తిరుమల ఆదివరాహ క్షేత్రము. కొండకు వచ్చు యాత్రికులు శ్రీవారికంటె ముందు పుష్కరిణి గట్టుననున్న వరాహస్వామిని సేవించుట ఆచారము. ఆ సన్నిధిలో నిలిచినపుడు ఈ ప్రతిజ్ఞ తలపునకు వచ్చినచో, ఇంటిలో మంచముపట్టిన తల్లిదండ్రులను గూర్చిన బెంగ చాలవరకు తీరును.

అట్లయినచో ఇన్ని దినముల కర్మ ఎందులకు? ఈ ప్రశ్నకు సమాధానము కైంకర్యమను పదములోనే ఉన్నది. పెరుమాళ్ళకు ఆకలి వేయునని ప్రసాదము నివేదింపరు. ప్రేమగలవారు పెట్టక ఉండలేరు కనుక నివేదింతురు. వెళ్ళిపోయినవారి గతి ఏమగునో అను భయముతో చేసిన కర్మ భారమగును. ఆ భయమే గృహస్థులచేత అప్పులు చేయించును, ఎవరు ఏమి చెప్పిన దానికి తల ఊపించును. సేవ అని తెలిసి చేయువారికి ఏది ముఖ్యమో, ఏది కాదో తెలియును.

ముందుగా ఆలోచించి పెట్టుకొనుట అశుభమని అనేక కుటుంబములలో ఒక జంకు కలదు. పెద్దవారు ఆ ప్రస్తావన తెచ్చినచో పిల్లలు "అవేమి మాటలు" అని నోరు మూయింతురు. పెరియాళ్వారులకు ఈ జంకు లేదు. శ్రీరంగమున శేషశయ్యపై పవళించిన స్వామిని ఉద్దేశించి ఆయన పాడిన ఒక పదికమంతయు ఈ విషయమే. ఏనుగును కాచిన స్వామీ, ఊపిరి ఆడక, మాట రాక ఉన్న ఆ వేళ నిన్ను తలంపలేకపోవుదునేమో, కావున అప్పటికి కావలసినది ఇప్పుడే చెప్పి ఉంచుచున్నాను అని ఆ పాశురముల సారాంశము. కడపటి ఘడియకు కావలసినది ఆరోగ్యముగా ఉన్నపుడే చెప్పి ఉంచుట ఆళ్వారులు చూపిన త్రోవ. దానిని అశుభమనువారు ఆయనకంటె శుభము తెలిసినవారు కారు.

తన చరమ కైంకర్యమును గూర్చి తానే ముందుగా విన్నవించుకొన్న భాగవతులలో మారనేరి నంబి కథ గురుపరంపర గ్రంథములలో ప్రసిద్ధము. ఆయన ఆళవందారుల, అనగా యామునాచార్యుల, శిష్యుడు. ఆనాటి లెక్కలో కడజాతి అనబడిన కులమున జన్మించినవాడు. ఒకనాడు పొలములో పని చేయుచు, దప్పికకు తాళలేక, మడిలోని బురదనీటిని దోసిలితో త్రాగుచుండగా ఆళవందారులు చూచిరట. ఇదేమని అడుగగా, ఈ దేహము మట్టి, మట్టికి మట్టిని వేయుచున్నానని నంబి బదులు చెప్పెను. దేహమును అంత తేలికగా చూచిన మహనీయుడాయన.

ఆ నంబియే వార్ధక్యమున, ఆచార్యుని వ్రణబాధను ప్రసాదముగా అడిగి తీసికొని అనుభవించుచు, తన దేహము ఎవరి చేతులలోనికి పోవునో అని కలతపడెను. సహాధ్యాయులైన పెరియ నంబిని, అనగా మహాపూర్ణులను, పిలిచి, యజ్ఞమునకై ఉంచిన హవిస్సు కుక్కల పాలు కారాదని కోరెను. భగవత్సంబంధము లేని బంధువులు వచ్చి ఈ దేహమును తమ పద్ధతిలో తీసికొనిపోకుండ చూడుమని దాని తాత్పర్యము. ఆ ఉపమానము నేటివారి చెవికి కటువుగా తోచవచ్చును. కాని అందులోని ఆర్తి గ్రహింపదగినది. మట్టి అని తోసివేసిన దేహమే ఆచార్య కటాక్షము పొందిన పిదప హవిస్సైనది. నంబి చింతించినది దేహమును గూర్చి కాదు. ఆచార్యుని సొమ్ము ఆచార్యుని వారి చేతిమీదుగానే సమర్పింపబడవలెనని ఆయన కోరిక.

మహాపూర్ణులు మాట ఇచ్చిరి. ఇచ్చిన మాట నిలిపిరి. నంబి పరమపదించినపుడు ఆయనకు బ్రహ్మమేధ సంస్కారము స్వహస్తములతో జరిపిరి. తైత్తిరీయ ఆరణ్యకమునందలి హోతృమంత్రములతో, బ్రహ్మవేత్తలైన మహాత్ములకు జరుపు సంస్కారమది. శ్రీరంగములోని పెద్దలు మండిపడిరి. మహాపూర్ణుల ఇంటిని వెలివేసి, వాకిటికి ముళ్ళకంప నడ్డముగా వేసిరని కూడ చెప్పుదురు. రథోత్సవమున ఆ ఇంటి ఎదుట పెరుమాళ్ళ తేరు కదలక నిలిచిపోయెననియు, మహాపూర్ణుల కుమార్తె అత్తుళాయమ్మ స్వామిని నిలదీసి అడుగుటయే అందులకు కారణమనియు ఒక ఐతిహ్యము కలదు.

రామానుజులు తమ ఆచార్యులైన మహాపూర్ణులను సమీపించి, ఈ పని మరి యొకరిచేత చేయింపవచ్చునుగదా అని అడిగిరి. ఆయనకు సందేహముండి అడిగినది కాదనియు, సమాధానము లోకము వినవలెననియే అడిగిరనియు పెద్దలు వ్యాఖ్యానింతురు. సంధ్యావందనమును మరియొకరిచేత చేయింతురా అని మహాపూర్ణులు తిరిగి ప్రశ్నించిరి. పిదప తాను శ్రీరామునికంటె గొప్పవాడా, నంబి పక్షికంటె తక్కువవాడా. ధర్మపుత్రునికంటె తాను గొప్పవాడా, విదురునికంటె నంబి తక్కువవాడా అనిరి. భాగవత దాస్యమును గూర్చి నమ్మాళ్వారులు తిరువాయ్‌మొళిలో రెండు దశకములు పాడినది ఉత్త సముద్రఘోషయేనా, అందులో కొంచెమైన ఆచరింపవద్దా అనియు అనిరి. రామానుజులు సాష్టాంగపడిరి.

విదురుని విషయమున ఒక మాట చెప్పుట ఉచితము. మహాభారతము ఆశ్రమవాసపర్వమున విదురుడు అడవిలో యోగబలమున ధర్మరాజునందు ప్రవేశించి దేహము విడుచును. ధర్మరాజు దహనము చేయబూనగా, ఆయన యతిధర్మము నవలంబించినవాడు, దహనము వలదని అశరీరవాణి వారించును. సంప్రదాయమున ధర్మరాజు సంకల్పమునే సంస్కారముగా గ్రహించి ఉదాహరింతురు. క్షత్రియ చక్రవర్తి దాసీపుత్రునికి కొడుకువలె కర్మ చేయబూనుటయే ఇచట ముఖ్యము.

పక్షి అనగా జటాయువు. శ్రీవైష్ణవులు ఆయనను పెరియ ఉడయార్ అని గౌరవించి పిలుతురు. అరణ్యకాండ 68వ సర్గ చదివినవారికి ఒక సంగతి స్ఫుటముగా కనబడును. సీతాదేవి జాడ తెలియని ఆ స్థితిలో రాఘవునకు ప్రతి ఘడియయు విలువైనదే. అయినను ఆయన ఆగెను. సీతను కోల్పోయిన దుఃఖముకంటె తనకొరకు ప్రాణములిచ్చిన ఈ పక్షిని కోల్పోయిన దుఃఖము అధికమనెను. జటాయువు తనకు దశరథునివలె పూజ్యుడనెను. లక్ష్మణునిచేత కట్టెలు తెప్పించి, స్వయముగా అగ్ని రగిల్చి, చితిపై నుంచి, తన బంధువునకువలె దహనము చేసెను. పచ్చిక పరచి పిండము పెట్టెను. పరలోకగతులకై విప్రులు జపించు మంత్రములను తాను జపించెను. పిదప అన్నదమ్ములిద్దరును గోదావరికి పోయి, స్నానమాడి, ఉదకము విడిచిరి. పురోహితుడు లేడు, బంధుజనము లేరు, దానములకు ధనము లేదు. అందులో లోపమేమియు వాల్మీకికి కనబడలేదు.

భద్రాచలమునకు సమీపమున గోదావరి తీరమునందలి ఏటపాక జటాయువు పడిన చోటని స్థానికుల నమ్మకము. లేపాక్షి పేరునకును ఇట్టి కథయే చెప్పుదురు. కాంచీపుర సమీపమున తిరుప్పుట్కుళి, కుంభకోణ సమీపమున పుళ్ళంభూతంకుడి అను రెండు దివ్యదేశములును జటాయు సంస్కారముతో ముడివడినవే. ఒక పక్షి ఉత్తరక్రియను ఇన్ని ఊళ్ళు తమదిగా చెప్పుకొనుచున్నవి. ఏది నిజమైన చోటు అని వాదించుట వృథా. ఆ కథ తమ ఊరిలో జరిగినదనిపించుకొనవలెనని ఇందరికి తోచుటయే విశేషము.

నేటి గృహస్థులకు జటాయువు కథకంటె దశరథుని కథ మరింత దగ్గరగా తోచవచ్చును. ఆయన ప్రాణము విడిచిన వేళ కుమారులు నలువురిలో ఒక్కడును అయోధ్యలో లేడు. రామలక్ష్మణులు అడవిలో ఉండిరి. భరతశత్రుఘ్నులు కేకయదేశములో ఉండిరి. మంత్రులు రాజదేహమును తైలద్రోణిలో భద్రపరచి భరతునికై దూతలను పంపిరి. ఆనాటి తైలద్రోణియే నేటి ఐస్ పెట్టె. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుమారుడు వచ్చువరకు వేచియుండుట కొత్త వింత కాదు. అయితే ఆ వేచియుండుటకు ఒక మేర ఉండవలెను. వీధిలో శవముండగా గుడి తలుపు తీయని ఊళ్ళు ఇప్పటికిని కలవు. ఊరి పెరుమాళ్ళ ఆరాధన మూడు దినములు నిలుపుట పరమపదించినవారికే సమ్మతము కాకపోవచ్చును.

వచ్చుటకు వీలులేని కుమారుని మాట ఏమి? అందునకును రామాయణములోనే ఆదర్శము కలదు. జ్యేష్ఠుడైన రాముడు తండ్రి దహనమునకు రాలేకపోయెను, భరతుడే చేసెను. చిత్రకూటమున భరతుని వలన వార్త విని రాముడు మూర్ఛిల్లి, తేరుకొని, మందాకినిలో తండ్రికి ఉదకమిచ్చి, గారపిండిని రేగుపండ్లతో కలిపి దర్భలపై పిండము పెట్టెను. తాము తినునదియే తమ పితృదేవతలకును అని విన్నవించెను. చక్రవర్తికి గారపిండి పిండము! రాణులు దానిని చూచి విలపించిరి. కాని అది తక్కువైనదని రాముడు అనుకొనలేదు. దూరదేశమున చిక్కుకొన్న కుమారుడు అచటనే స్నానము చేసి, ఊర్ధ్వపుండ్రములు ధరించి, ద్వయమును అనుసంధించి తిలోదకమిచ్చినచో తండ్రికి అన్యాయము చేసినవాడు కాడు. తమ్ముడో, సోదరుని కుమారుడో, మనుమడో ఇచట అగ్ని సంస్కారము చేయవచ్చును. దహనము చేసినవారే దశాహము వరకు నడుపుట వాడుక కనుక, ఆ వ్యక్తి పది దినములు నిలువగలవాడై ఉండవలెను. దీనిని ముందే తేల్చుకొనుట మంచిది. మంచము ప్రక్కన తేలని మాట శవము ఎదుట తేలదు.

తేల్చుకొనవలసిన మరికొన్ని విషయములును కలవు. ఇంటి ఆచార్య సంబంధము ఏ తిరుమాళిగది, వడగలయా తెంగలయా, క్రియ నడుపు స్వామి ఎవరు, ఆయన ఊరిలో లేనిచో రెండవవారెవరు అన్నవి వృద్ధులకే తెలియును. నగరములలో పెరిగిన పిల్లలకు తమ గోత్రసూత్రములే సరిగా రావు. ఒక కాగితముపై వ్రాసి పూజామందిరములో ఉంచినచో సరిపోవును. ఆ కాగితముననే తమ కోరికలును వ్రాయవచ్చును: ఏ నదిలో అస్థి నిమజ్జనము కావలెను, తాము ఆరాధించిన సాలగ్రామము ఎవరికి చేరవలెను, నేత్రదానమునకు తాము సమ్మతించిరా లేదా. నేత్రములు ఆరు గంటలలోపల గ్రహింపవలసి ఉండును. కుటుంబము అపుడు చర్చకు కూర్చున్నచో ఆ సమయము గడచిపోవును.

ఇక అనుసంధానము. ఆసుపత్రిలో గాజుతలుపుల వెనుక ప్రాణము పోవుట నేడు సర్వసాధారణమైనది. లోనికి ఒక్కరినే అనుమతించినను, ఆ ఒక్కరు చెవిలో ద్వయము చెప్పవచ్చును, తులసీతీర్థముతో పెదవులు తడుపవచ్చును. ఇంటిలోనైనచో శ్రీవిష్ణుసహస్రనామము చదువనిండు. అది అంపశయ్యపైనున్న భీష్ముడు ఉపదేశించినది. అవసానకాలమునకు ఇంతకంటె తగిన స్తోత్రమేది? తిరుమేనిని సాగనంపు వేళ రామానుజ నూట్రందాది చదువుట అనేక కుటుంబములలో కలదు. మరికొన్ని కుటుంబములలో శ్రీచూర్ణ పరిపాలనము చేయుదురు. పాశురములు చదువుచు పసుపును రోట దంచి, ఆ చూర్ణమును తిరుమేనికి అద్ది, కూడినవారికి పంచుదురు. పెండ్లికి పసుపు దంచిన రోలే ఇచటను. ఆ దృశ్యము చూచిన పిల్లలు మరణమును గూర్చి మరియొక విధముగా తలంతురు.

తిరువాయ్‌మొళి పదియవ శతకమున తొమ్మిదవ దశకము జీవుని వైకుంఠయాత్రను వర్ణించును. మేఘములు వాద్యములు మ్రోయించును, సముద్రము అలల చేతులెత్తి ఆడును, దారి పొడవున దేవతలు ఆతిథ్యమిత్తురు, వైకుంఠ ద్వారమున పూర్ణకుంభములతో దీపములతో ఎదురుకొందురు. శ్రీరంగమున అధ్యయనోత్సవమున రాప్పత్తు కడపటి దినమున నమ్మాళ్వారుల విగ్రహమును పెరుమాళ్ళ తిరువడులయందుంచి తులసితో కప్పివేయుదురు. ఆళ్వారు మోక్షమని దానికి పేరు. గుడి యేటేట ఇట్లు ఉత్సవముగా జరుపుకొను ఘట్టమునే, ఇంటిలో ఎవరైన పరమపదించినపుడు కన్నీళ్ళతో జరుపుకొందురు. తమిళము రాని తెలుగు కుటుంబములకు తెలుగు లిపిలో అచ్చైన దివ్యప్రబంధము లభించును. ఇంటికి ఒక్కరైన ఈ పది పాశురములు నేర్చుకొన్నచో, ఆ దినమున గోష్ఠికై పరుగులెత్తనక్కరలేదు. కూతుళ్ళు, కోడళ్ళు చదువుటకు అడ్డేమియు లేదు. పది సంవత్సరములు మంచము కడ సేవ చేసిన కూతురు ఆ వేళ మూల నిలబడవలసిన పనిలేదు.

వ్యయమును గూర్చి ఎక్కువగా చెప్పవలసినది లేదు. పదకొండవ దినము, పండ్రెండవ దినము, పదమూడవనాటి శుభస్వీకారము, ఇవి జరుగవలెను. తదీయారాధనము నలుగురికైనను నాలుగు వందల మందికైనను అది ఆరాధనమే. పొలము తాకట్టుపెట్టి వడ్డించిన విస్తరిలో పెరుమాళ్ళ ప్రసాదపు రుచి ఉండదు.

అన్నదమ్ముల మధ్య పాత వైరములున్న ఇంటిలో ఆ పది దినములు కఠినమైనవి. ఎవరు ముందు నడువవలెను, ఎవరి ఇంటిలో కర్మ, ఎవరి వాటా ఎంత అను తగవులలో శోకము మరుగున పడిపోవును. యుద్ధకాండలో రావణుడు కూలినపుడు విభీషణుడు అన్నకు సంస్కారము చేయుటకు వెనుదీసెను. అతని కోపము అకారణము కాదు. అపుడు వైరములకు మరణమే హద్దని, తమ పని తీరినదని, రావణుడు నీకెట్లో నాకును అట్లే అని చెప్పి విభీషణునిచేత యథావిధిగా దహనము చేయించినవాడు శ్రీరాముడు. తన భార్యను అపహరించినవానికి ఆయన ఇట్లు చేసియుండగా, గట్టు తగవుకొరకు తమ్ముని పాడె మోయననువాని మాట ఎంత?

కడపటి ఘడియ ఏ చోట రావలెనన్న చింతయు అనేకులకు కలదు. కాశికో, శ్రీరంగమునకో, తిరుపతికో చేర్చలేకపోతిమని పిల్లలు సంవత్సరముల తరబడి కుందుదురు. మహాపూర్ణుల అవసానము దీనికి సమాధానము. గురుపరంపర గ్రంథములు క్రిమికంఠుడని పేర్కొను చోళరాజు సభలో ఆయన నేత్రములు పోగొట్టుకొనెను. కూరేశులును కన్నులు కోల్పోయిరి. అత్తుళాయమ్మ చేయూతతో తిరుగుదారి పట్టిరి. ముదుసలి ఆచార్యులకు దారిలోనే ఓపిక సన్నగిల్లెను. శ్రీరంగమింక ఎంతో దూరము లేదు, అచటికి చేరువరకు ఓర్చుకొనవలెనని కూరేశులు ప్రార్థించిరి. మహాపూర్ణులు ఒప్పుకొనలేదు. తాను పట్టుదలతో శ్రీరంగము చేరి అచటనే దేహము విడిచినచో, ప్రపన్నుడు ఒక దివ్యదేశములోనే తనువు చాలింపవలెనని లోకము అనుకొనునని, తనవలన అట్టి నియమము ఏర్పడరాదని చెప్పి, ఆ దారి ప్రక్కనే, కూరేశులును కుమార్తెయు చెంత నుండగా, ఆళవందారుల తిరువడులను స్మరించుచు పరమపదించిరి. తంజావూరు సమీపమున పసుపతికోయిల్ గ్రామమున ఆయన సన్నిధి నేటికిని కలదు.